ఇద్దరు సుక్రిలు, ఒక పేజీ

మొన్న మధ్యాహ్నం భోంచేసి, నోట్లో వక్కపలుకు వేసుకుని, కిటికీ పక్క కుర్చీలో కూలబడి ఫోను చూస్తున్నాను. నేనేమీ అడగకుండానే అది ఒక ఉచిత సలహా పారేసింది. నా నంబర్లలో ఒకే పేరుతో ఇద్దరు ఉన్నారట, ఇద్దరినీ కలిపి ఒకటి చేసేయమంటావా అని అడిగింది. కింద రెండు గడులు, 'కలుపు' అని ఒకటి, 'వద్దు' అని ఒకటి. ఆ ఇద్దరిలో ఒకావిడ మాకు పాలు పోసే ఆవిడ, రెండో ఆవిడ మా అన్నయ్య వియ్యపురాలు. ఫోను మాట విని కలిపేసి ఉంటే, మర్నాడు పొద్దున్నే ఆ వియ్యపురాలికి ఫోను చేసి "ఏవమ్మా, పాలల్లో నీళ్లు పోశావా, నీళ్లల్లో పాలు పోశావా?" అని దులిపేసి ఉండేదాన్ని. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. కానీ 'వద్దు' నొక్కే ముందు ఆ రెండు నంబర్లూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. పూర్వం ఒకసారి ఇలాగే ఇద్దరు మనుషుల్ని కలిపేసిన ఘనత నాది. అప్పుడు నాకు సలహా ఇచ్చిన యంత్రం కూడా లేదు, ఆ తెలివంతా నా సొంతమే.

తొంభైల చివరి సంగతి. ఎస్.కోటలో డిగ్రీ పూర్తిచేసి, టైపు లోయరూ హయ్యరూ పాసయ్యి, విజయనగరంలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు కూడా వెలగబెట్టి, ఇక ప్రపంచం నాకోసం ఎదురుచూస్తోంది అనుకుంటున్న రోజులు. ప్రపంచం మాట ఏమో గానీ, అరకు లోయలో ఒక డాక్టరమ్మ మాత్రం నిజంగానే ఎదురుచూస్తున్నారు. ఆవిడకి రేకుల కప్పు కింద నాలుగు గదుల ఆసుపత్రి, ఒక జీపు, ఇద్దరు నర్సులు, చుట్టూ కొండల మీద చెల్లాచెదురుగా బోలెడు గూడేలు ఉన్నాయి. లేనిదల్లా ఎవరికి ఏ మందు ఎప్పుడు వెళ్లిందో రాసిపెట్టే మనిషి. పాసెంజరు రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి దిగాను. దిగిన రోజు నుంచీ వాన. బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు, ఉప్పు డబ్బా నిండా నీళ్లు. ఆసుపత్రిలో అందరికంటే వెచ్చగా ఉండేది కంప్యూటరే. చెమ్మ తగలకుండా డాక్టరమ్మ దానికి తన పాత శాలువా కప్పి ఉంచేవారు. నాకు మాత్రం ఒక పల్చటి దుప్పటి ఇచ్చి సరిపెట్టారు.

ఆ కంప్యూటరులో డాక్టరమ్మ మరిది వైజాగు నుంచి ఒక ప్రోగ్రాం తెచ్చి ఎక్కించాడు. దాని పని నోటు పుస్తకం పనే, కాకపోతే తెరకి ఎడమ పక్కన ఒక చెట్టు ఉండేది. చెట్టంటే బొమ్మ కాదు, పేర్ల వరస. ఒక పేరు మీద నొక్కితే దాని కింద కొమ్మలు విచ్చుకునేవి, కొమ్మ మీద నొక్కితే రెమ్మలు. ఏ రెమ్మ మీద ఉంటే దాని తాలూకు పేజీ కుడి పక్కన తెరుచుకునేది. అసలు సొగసంతా టెంప్లేటులో ఉంది. టెంప్లేటంటే అచ్చు. పేరు, భర్త పేరు, ఇంటిపేరు, ఊరు, వయసు, జబ్బు, మందు మొదలుపెట్టిన తేదీ, ఫలితం అని ఒకసారి గడులు పెట్టుకుంటే, కొత్త రోగి వచ్చినప్పుడల్లా ఒక మీట నొక్కితే చాలు, ఆ ఫారమంతా ఖాళీగా పేజీ మీదికి దిగిపోయేది. ఇక డేటాబేసులు. ఒక్కో డేటాబేసూ ఒక్కో వేరే చెట్టు. ఎన్నయినా పెట్టుకోవచ్చు. కాకపోతే ఒకదాన్ని మూస్తే గానీ రెండోది తెరుచుకోదు, ఒకదాంట్లో వెతికితే రెండోదాంట్లో ఉన్నది దొరకదు. తెలుగు అక్షరాలు దానికి రావు కనక తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచీ సర్దుడు జబ్బు. మా ఇంట్లో పోపుల పెట్టెలో ఆవాల గిన్నెలో రెండు మెంతులు పడితే నాకు అన్నం సయించేది కాదు. అలాంటిదాని చేతికి అచ్చు పోసే యంత్రం దొరికితే ఇంకేముంది! రోగులకి టెంప్లేటు, మందుల అలమరాకి టెంప్లేటు, జీపు మరమ్మతులకి టెంప్లేటు. ఆఖరికి ఇంటికి రాసే ఉత్తరాలకి కూడా ఒకటి తయారుచేశాను. క్షేమం, వాన, తిండి, మళ్లీ ఎప్పుడు రావడం, ఇవీ గడులు. మొదట యంత్రంలో నింపుకుని తర్వాత కార్డు మీదికి ఎత్తి రాసేదాన్ని. నాలుగో ఉత్తరానికల్లా మా అమ్మ కనిపెట్టేసింది. "ఏటే గుంటా, ఉత్తరాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎవరి చేతైనా రాయిస్తన్నావేటి?" అని జవాబు వచ్చింది. డాక్టరమ్మకి చూపిస్తే పడీపడీ నవ్వారు. నేను మాత్రం అమ్మకి వ్యవస్థ విలువ తెలియదనుకున్నాను.

రోగుల వివరాలు అంతకుముందు నోటు పుస్తకాల్లో ఉండేవి, గూడేనికి ఒక పుస్తకం. వాటిల్లో పేర్లు అక్షరక్రమంలో ఉండవు, తేదీల వరసలోనూ ఉండవు. ఇదేం వరసండీ అని డాక్టరమ్మని అడిగితే "అప్ప నడిచే వరస" అన్నారు. అప్ప అంటే మా ఆసుపత్రి తరఫున ఒక వాగుకి అటూ ఇటూ ఉన్న రెండు గూడేల్లో దగ్గర కూర్చుని మందులు మింగించే ఆవిడ. ఆ కొండల మనిషే. వాగుకి ఇవతలి గూడెంలో ఇల్లు. యాభై ఏళ్లుంటాయేమో, అందరికీ అప్పే, నాకూ అప్పే. చదువు లేదు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడేది, మాతో మా కోట వైపు తెలుగు దంచేసేది. ఆవిడ ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్తుందో ఆ వరసలోనే డాక్టరమ్మ పేర్లు రాసుకున్నారు, మిగతా గూడేలకి అక్కడి మనిషి నడిచే వరసలో. ఇరవై మూడేళ్ల దాన్ని, చదువుకున్నదాన్ని, నాకు అది వరసలా కనిపించలేదు.

ఒకసారి జీపులో అప్ప ఇంటికి వెళ్లాను. పొయ్యికి పైన కట్టిన కర్ర నుంచి ఎండిన ఆనప బుర్రలు వేలాడుతున్నాయి. కొండ మీద అందరిళ్లలోనూ విత్తనాలు అలాగే దాస్తారు. సామలకి ఒక బుర్ర, చోళ్లకి, అంటే రాగులకి, ఒకటి, కందులకి ఒకటి. పొగకి పురుగు పట్టదు. అప్ప ఇంట్లో వాటి పక్కన ఇంకో వరస ఉంది, చిన్న బుర్రలు. టీబీ మందు మింగే మనిషికి ఒక బుర్ర చొప్పున. మందు మింగిన రోజున అందులో ఒక కంది గింజ వేస్తుంది, మింగని రోజున ఒక చిన్న గులకరాయి. ఏ బుర్ర ఎవరిదో మెడకి కట్టిన గుర్తు చెబుతుంది. ఒకదానికి కోడి ఈక, ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి గాజు ముక్క. నేను నవ్వు ఆపుకోలేక, నా కంప్యూటరులో అన్ని గూడేలూ ఒకే చెట్టుకి ఎలా ఎక్కించానో గొప్పగా చెప్పాను.

"అందర్నీ ఒకే బుర్రలో ఏసీసినావేటి?" అంది అప్ప.

"బుర్రలో కాదప్పా, చెట్టు మీద."

"ఏదైతేనేటి? సోళ్లూ సామలూ కలిపీసి, మళ్లీ ఏరుకుంతావేటి?"

"నేనెందుకు ఏరుతాను? అదే ఏరిపెడుతుంది."

"ఓలమ్మ! అయితే మంచిదే మరి" అని అప్ప నాకు గ్లాసు నిండా అంబలి పోసింది.

నిజానికి డాక్టరమ్మ కూడా అదే మాట చెప్పారు. గూడేనికి ఒక డేటాబేసు పెట్టమన్నారు, పాత పుస్తకాల మాదిరిగానే. నేను ఒప్పుకోలేదు. ఆడపిల్లలు పెళ్లయి ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి వెళ్తారండీ, ఒకటి మూసి ఒకటి తెరిచేసరికి బయట జీపు వెళ్లిపోతుందండీ, అన్నీ ఒకదాంట్లో ఉంటే వెతకడం ఎంత సుఖమండీ అని గంటసేపు వాదించాను. చుట్టూ అంతమంది దగ్గుతూ ఉంటే నాతో వాదించే తీరిక ఆవిడకి ఎక్కడిది? "సరే, నీ ఇష్టం" అన్నారు. నేను అక్కడితో ఆగలేదు. గూడెం కొమ్మలు కూడా తీసేసి, అందరినీ ఒకే వరస కింద పెట్టి, ఊరు అన్నదాన్ని టెంప్లేటులో ఒక గడి చేసేశాను. ఆ గడిలో పంచాయతీ పుస్తకాల్లో ఉండే ఊరి పేరే రాసేదాన్ని. వాగుకి ఇవతలి గూడేనికీ అవతలి గూడేనికీ ఆ పుస్తకాల్లో పేరు ఒకటే.

ఇక్కడ పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఆ కొండల్లో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారం పేరే పెట్టడం ఆనవాయితీ. శుక్రవారం పుట్టిన ఆడపిల్ల సుక్రి. ఉన్నవి ఏడే వారాలు కనక గూడెం ఎంత పెద్దదైనా అవే పేర్లు తిరుగుతూ ఉంటాయి. ఇంటిపేర్లూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాళ్లకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పనస చెట్టు కింద సుక్రి, ఎత్తుపళ్ల సుక్రి, మేకల సుక్రి అనుకుంటారు, ఎవరిని పిలిస్తే వాళ్లే పలుకుతారు. నా టెంప్లేటులో పనస చెట్టుకి గడి లేదు.

ఆ ఏడు జూలైలో, జోరువాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, రోగులు ఎవరూ రాలేదు. ఊరికే ఉండలేక చెట్టు మొత్తాన్ని అక్షరక్రమంలో పేర్చే మీట నొక్కాను. పేర్లన్నీ గబగబా సర్దుకున్నాయి. చూద్దును కదా, ఒకదాని కింద ఒకటి రెండు సుక్రి పేజీలు. ఇంటిపేరు ఒకటే. భర్త పేరు ఒకటే, ఇద్దరు మొగుళ్లూ సోమవారం పుట్టిన మహానుభావులు. ఊరు ఒకటే, జబ్బు ఒకటే. వయసు ఒకచోట ఇరవై ఎనిమిది, ఒకచోట ముప్పై. వయసులు మేం మొహం చూసి రాసేవే. మందు మొదలుపెట్టిన తేదీ మాత్రం ఒకచోట జనవరి, ఒకచోట మే. పుస్తకంలోంచి ఎక్కించేటప్పుడు ఒకే మనిషిని రెండుసార్లు కొట్టేశాను, రెండోసారి తేదీ తప్పు కొట్టాను అనుకున్నాను. పాత పుస్తకాలు పక్క గదిలో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. లేచి చూస్తే అర నిమిషం పని. లేవలేదు. మే నెల పేజీని జనవరి పేజీలో కలిపి చెరిపేశాను. జనవరి నుంచి లెక్కేస్తే ఆరు నెలల మందు అయిపోయింది కదా, 'ఫలితం' దగ్గర 'పూర్తి' అని కొట్టి, ఒళ్లు విరుచుకుని, వెళ్లి టీ తాగాను. అంత తృప్తిగా నేను టీ తాగడం అదే ఆఖరు.

ఆ మర్నాడు మందుల పొట్లాలతో పాటు నేను అచ్చుతీసిన జాబితా జీపులో బయల్దేరింది. వాగు పొంగుతోంది. అలాంటప్పుడు అప్ప అవతలికి దాటలేదు. డ్రైవరు ఇవతలి పొట్లం అప్పకి ఇచ్చి, కొండ చుట్టూ తిరిగే పై రోడ్డులో అవతలి గూడేనికి వెళ్లి, అక్కడ జాబితా బిగ్గరగా చదివి మందులు పంచుతాడు. ఇవతలి సుక్రికి నిజంగానే ఆరు నెలలూ అయ్యాయి, అందుకని అప్పకి ఏ అనుమానమూ రాలేదు. అవతలి గూడెంలో డ్రైవరు "సుక్రికి పూర్తి, ఇంక మందు లేదు" అని చదివాడు. అక్కడి సుక్రి రెండు నెలల మందుకే కాస్త తేరుకుంది, దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది. చంకలో ఏడాది నిండని పిల్ల. కాగితంలో వచ్చిందంటే డాక్టరమ్మే చెప్పినట్టు కదా! సంబరపడిపోయి, పిల్లని వీపుకి కట్టుకుని, అనంతగిరి వైపు కన్నవారింటికి చోడి చేను కలుపు తియ్యడానికి వెళ్లిపోయింది.

వాగు పొంగు తీయడానికి మూడు వారాలు పైన పట్టింది. తీసిన మర్నాడే అప్ప దాటి వెళ్లి, ఖాళీ ఇల్లు చూసి, ఇరుగుపొరుగుని అడిగి, అటునుంచి అటే నడిచి ఆసుపత్రికి వచ్చేసింది. మోకాళ్ల దాకా బురద. నేను కూర్చున్న బల్ల మీద, నా జాబితాల మీదే, రెండు బుర్రలు పెట్టింది.

"సుక్రికి మందెందుకు ఆపీసినావు?"

"ఆరు నెలలూ అయిపోయాయప్పా. ఇదిగో చూడు" అని తెర ఆవిడ వైపు తిప్పాను. చదువు రాని మనిషి మొహానికి తెర తిప్పడం ఎంత పొగరో ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేడెక్కుతాయి.

"అది యివతల సుక్రి. అవతల సుక్రికేటి?"

 అప్ప మొదటి బుర్ర వంపింది. కందులు జలజలా గుట్టగా పడ్డాయి, కొన్ని దొర్లి కీబోర్డు సందుల్లోకి పోయాయి. రెండోది వంపింది. గుప్పెడు కూడా లేవు.

"ఈ గుంట ఏదీ? నీ సెట్టు మీద సూపీ" అంది.

వెతికాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు వెతికాను. ఒక్క సుక్రే దొరికింది. గోల విని డాక్టరమ్మ వచ్చారు. ట్రంకు పెట్టె తీసి, రెండు గూడేల పుస్తకాలూ తెచ్చి, బల్ల మీద పక్కపక్కన తెరిచారు. ఇందులో ఒక సుక్రి, అందులో ఒక సుక్రి, ఎవరి పుస్తకంలో వాళ్లు శుభ్రంగా ఉన్నారు. ఆవిడ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మందు మధ్యలో ఆగితే జబ్బు మొండికెత్తుతుందనీ, ఆ తర్వాత ఏ మందుకీ లొంగకపోవచ్చనీ, పాలు తాగే పిల్ల కూడా ఉందనీ నెమ్మదిగా చెప్పారు. "అప్పతో నువ్వే వెళ్లు. ఎక్కడున్నా వెతికి తీసుకురా" అన్నారు. కీబోర్డు సందుల్లోంచి కందులు ఏరుతూ వెక్కివెక్కి ఏడ్చాను. అప్ప కాసేపు చూసి, "ఏడుపు తరవాత. ముందు బేగి నడు" అంది.

అనంతగిరి దాటి కొంత దూరం జీపులో వెళ్లాం. అక్కడి నుంచి కాలిబాట. సిల్వరోకు చెట్ల కింద కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, ఎక్కడ చూసినా నీళ్లు కారుతున్న పచ్చదనం. పోస్టుకార్డు మీద వేసుకోవలసిన చోటు. నాకు కనిపించింది మాత్రం నా కాళ్లూ, వాటికి పట్టిన జలగలూ. మూడుసార్లు జారి పడ్డాను. మూడోసారి పడ్డప్పుడు అప్ప వెనక్కి తిరిగి "ఆ సెప్పులిప్పీసి సేత్తో అట్టుకో, నీకూ సుఖం, వాటికీ సుఖం" అంది. దారి పొడుగునా నా మనసులో ఒకటే మాట. సుక్రి బతికి ఉంటే చాలు దేవుడా, ఇంకెప్పుడూ ఏదీ సర్దను అనుకున్నాను. సర్దడం మానలేదనుకోండి, అది వేరే సంగతి.

సుక్రి చేను గట్టు మీద దొరికింది. మనిషి మళ్లీ చిక్కింది. మమ్మల్ని చూడగానే మొహం విప్పారి, లేచి నాలుగడుగులు వేసి, ఆగి దగ్గింది. తడి దగ్గు. "నాకు అయిపోనాది కదా, ఇంత దూరం ఎందుకొచ్చినారు?" అంది. నేను అప్ప మొహం చూశాను. అప్ప గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటూ, "నన్ను సూడకు. నువ్వు సేసినావు, నువ్వే సెప్పు" అంది.

చెప్పాను. నీకు అవలేదమ్మా, అయింది వాగుకి ఇవతలి సుక్రికి, పేర్లు కలిశాయని నేను నిన్ను చెరిపేశాను, తప్పు నాది అన్నాను.  వీపు మీద పిల్ల సుక్రి జుట్టు పీకుతోంది. ఆవిడ నా కళ్లలోకి చూసి అంది. "రెండు నెలలు మూతికి గుడ్డ కట్టుకున్నాను. పిల్లని పక్కలో ఏసుకోనేదు. నీ కాగితం సదివినాక, ఆ రోజే, మూతి మీద ముద్దెట్టుకున్నాను."

 చేతులు జోడించాను, అంతే. ఆవిడ పిల్లని ముందుకి తిప్పుకుని, ఒక్కసారి గుండెకి హత్తుకుని, వెంటనే అప్ప ఒళ్లో కూర్చోబెట్టేసింది. కొంగు మూతికి కట్టుకుంది. "మళ్లీ మింగుతాను. మందూ కాగితమూ అంపకు. నువ్వు రా" అంది నాతో. అదే షరతు.

సుక్రి మాతోనే తిరిగి వచ్చింది. కళ్లె పరీక్షలో జబ్బు మళ్లీ కనిపించింది. లెక్క మొదటి నుంచి మొదలు. పిల్లకి మాత్రం ఏమీ సోకలేదని తేలినప్పుడు డాక్టరమ్మ బల్ల మీద తల వాల్చేశారు, అప్పటిదాకా ఆవిడ ఎంత భయపడ్డారో నాకు అప్పుడు అర్థమైంది. వారానికి మూడు రోజులు నేను వాగు దాటాను. ఉద్యోగం కుర్చీలో, జీతం కుర్చీలో, మనిషి మాత్రం కొండ మీద. మొదటి నెల సుక్రి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. చెయ్యి చాపేది, మింగేది, ఖాళీ నోరు తెరిచి చూపించేది, లోపలికి వెళ్లిపోయేది. అప్ప కొత్త బుర్ర ఇచ్చింది, పాత గింజలు ఇందులో కలపొద్దని మరీ మరీ చెప్పింది. రెండో నెల ఒకరోజు వానలో తడిసి వెళ్తే, మాట్లాడకుండానే పొయ్యి దగ్గర పీట వేసింది. మూడో నెలకి "ఏటి, ఇయ్యాల సిన్నబోయినావు, మీ యమ్మ ఉత్తరం రాలేదేటి?" అని వెక్కిరించేదాకా వచ్చాం.

అలా తిరిగి తిరిగి అప్ప నడిచే వరస నా కాళ్లకి వచ్చేసింది. అప్పుడు చెట్టు విప్పేసి మళ్లీ కట్టాను. గూడేనికి ఒక డేటాబేసు. అందులో ఇళ్లు నడిచే వరసలో. పాత టెంప్లేటు తీసి పారేసి, అప్పని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో గూడేనికి వేరే టెంప్లేటు తయారుచేశాను. అన్నిటికీ మొదటి గడి 'ఇల్లు ఎక్కడ', రెండోది 'ఊళ్లో ఏమని పిలుస్తారు', పేరు తర్వాతే. అవతలి గూడెం అచ్చులో 'వాగు పొంగితే మందు ఎవరి దగ్గర' అని ఒక గడి. చర్చికి వెళ్లే గూడెంలో ఆదివారం ఇళ్లకి తాళాలుంటాయి, దాని అచ్చులో 'ఆదివారం మందు ఎప్పుడు' అని ఒక గడి. 'పూర్తి' అని రాయాలంటే ముందు 'బుర్ర చూశారా' అన్న గడి నిండాలి. ఒకటి మూసి ఒకటి తెరిచేసరికి ఆ ముసలి కంప్యూటరు ఆయాసపడేది, బయట డ్రైవరు హారను మోగించేవాడు. మోగించుకోనీ అనేదాన్ని. అంతా అయ్యాక అప్పకి చూపించి, ఏ చెట్టు ఏ గూడెమో చెప్పాను. "ఇప్పుడు విత్తనాల్లాగ పెట్టినావు" అని మెచ్చుకుంది. డిగ్రీ పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా నాకు అంత ఆనందం కలగలేదు.

మరుసటి ఏడు వానలకి ముందే సుక్రి మందు అయిపోయింది. పరీక్ష శుభ్రంగా వచ్చింది. సంత రోజున పిల్లని నడిపించుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. నేను అవతలి గూడెం డేటాబేసు తెరిచి, ఆవిడ పేజీ తీసి, కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టాను. 'ఫలితం' దగ్గర 'పూర్తి' అన్న మాట పడడానికి ఒక మీట ఏర్పాటు చేసి, దాన్ని నువ్వే నొక్కమన్నాను. ఈసారి ఆ పని నేను చెయ్యదలుచుకోలేదు. సుక్రి వేలు చాపి, మీట దాకా తెచ్చి, వెనక్కి తీసేసుకుంది.

"ఇప్పుడొద్దు. వానల్లోనే కదా నాకు దగ్గు. ఈ వానంతా దగ్గకుండా గడవనీ, అప్పుడు నొక్కుతాను" అంది.

డాక్టరమ్మ పైవాళ్లకి పంపే కాగితాల్లో రాసుకోవలసింది రాసుకున్నారు. నా చెట్టు మీద ఆ గడి మాత్రం ఖాళీగానే ఉంచాం. ఆ వానాకాలం నాకంటే ఎక్కువ భయపడినవాళ్లు ఎవరూ ఉండరు. అవతలి గూడెం నుంచి ఎవరొచ్చినా, సుక్రి దగ్గుతోందా అని మొదట అదే అడిగేదాన్ని. లేదంటే నమ్మకం కుదరక నేనే వెళ్లి, గుమ్మం బయట నిలబడి వినేదాన్ని. లోపల నుంచి రోకలి చప్పుడు వినిపించేది, పిల్లని కేకలేసే గొంతు వినిపించేది.

వానలు వెళ్లిపోయి, కొండవాలుల మీద ఒలిసె చేలు పచ్చగా పూసిన రోజుల్లో, సుక్రి సంతకి వెళ్తూ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఏదీ, ఆ మీట?" అని అడిగి, చూపించగానే గట్టిగా నొక్కింది. తెర మీద మాట పడింది. ఏమని రాసిందని అడిగింది. అయిపోయిందని రాసిందమ్మా అన్నాను. "అయిపోనాది" అని తనలో తను ఒకసారి అనుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని సంతలోకి వెళ్లిపోయింది. అదే మాటని నేను ఒక మధ్యాహ్నం, టీకి లేచే తొందరలో రాసేశాను. ఆవిడ దాని కోసం ఏడాది పైన, ఒక్కొక్క రోజే మందు మింగి, ఆపైన వానంతా దగ్గకుండా బతికి చూపించింది. ఏ మాటయినా రాసే హక్కు దాని మీద అంత కాలం గడిపిన మనిషిదేనని అప్పటి నుంచీ నా నమ్మకం.